అమ్మ మొహంలో సగం నీడ

1979 మే నెల పదో తేదీ, గురువారం, సాయంత్రం నాలుగుంపావు. కుప్పంలో మా అన్న కొత్తగా కట్టుకున్న ఇంటి నడింట్లో, బతికున్న మా అమ్మకు ఒకావిడ పూలదండ వేసి, ఊదుబత్తి వెలిగించి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. వేసింది అమ్మకు కాదు, నేను గీసిన అమ్మ పటానికి. అమ్మ ఆ సమయంలో పెరట్లో గుండిగలు తోముతోంది.

తేదీ, గంట ఇంత గట్టిగా ఎలా చెబుతున్నావని అడుగుతారేమో. తేదీ గృహప్రవేశం కార్డులో ఉంది, ఆ కార్డు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. అప్పట్లో చదవడం రాదు కాబట్టి దాన్ని ముగ్గులా చూసి దాచుకున్నాను, చాలా ఏళ్ళ తర్వాత కూడబలుక్కొని చదువుకున్నాను. ఇక గంట సంగతి, ఆ ఏడ్చినావిడ దిగింది రామకుప్పం నుంచి నాలుగింటికి వచ్చే బస్సులో. ఆ బస్సు ఆ రోజు ఆలస్యం కాలేదు. అయ్యుంటే ఈ కథ లేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నానంటే, మొన్న మదనపల్లెలో మా ఇంటికి వచ్చిన మనవరాలు, నా కూతురు కూతురు, గోడ మీది ఆ పటాన్ని సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి, ఎక్కడో వేలు పెట్టి అటూ ఇటూ జరిపి, "అవ్వా, సూడు, ముత్తవ్వ మొహం ఎంత క్లియర్‌గా వచ్చేసిందో!" అని నా మొహం ముందు పెట్టింది. చూశాను. నీడ మొత్తం పోయింది. కుడి చెంప, ఎడమ చెంప ఒకటే తెలుపు, సున్నం కొట్టిన గోడలాగ. పిల్ల ప్రేమతో చేసింది, నాకు తెలుసు. అయినా "తీసేయ్" అన్నాను. నా గొంతు కొంచెం పెద్దదే అయింది. ఆ నీడను తుడవాలని యాభై ఏళ్ళ కింద మా వాళ్ళు పడిన పాట్లు పిల్లకు తెలియవు గదా. తెలిసిన మా ఈడువాళ్ళకైనా, అంటే ఒకటే వాకిలి ఉన్న ఇళ్ళలో పెరిగినవాళ్ళకైనా, చెప్పుకుందామని కూర్చున్నాను.

మాది పుంగనూరు పక్క పల్లె. కూలి చేసుకునే ఇల్లు. పెళ్ళయిన మూడో ఏడు నేను చంకన బిడ్డతో మొగుడి ఇంటి నుంచి వచ్చేశాను. ఎందుకు వచ్చేశానో ఇక్కడ అనవసరం, వచ్చేసినందుకు ఒక్క రోజూ ఏడవలేదు. బిడ్డను అమ్మ దగ్గర వదిలి, మదనపల్లెలో మా మేనమామ, అంటే అమ్మ తమ్ముడు, నడిపే బోర్డులంగడిలో పనికి చేరాను. మామ అంగళ్ళకు, బస్సులకు, డాక్టర్లకు బోర్డులు రాసేవాడు. అక్షరం ఆయన రాస్తే దానికి నీడ నేను వేసేదాన్ని. బోర్డు మీది అక్షరానికి కుడివైపు, కిందుగా, నల్లరంగో ముదురెరుపో ఒక పట్టీ వేస్తారు, చూసే ఉంటారు, దాంతో అక్షరం రేకు మీద నుంచి లేచి నిలబడ్డట్టు ఉంటుంది. వెలుతురు ఎప్పుడూ ఎడమ పైనుంచి వస్తుందని మామ లెక్క. సూర్యుడు ఎటున్నా సరే, మామ బోర్డులో ఎడమ పైనే ఉండాలి. నాకు ఒక్క అక్షరం రాదు, సోడా అంగడి బోర్డైనా పళ్ళ డాక్టరు బోర్డైనా నాకు ఒకటే, కానీ ఏ వంపుకు నీడ ఎంత లావుగా పడాలో కళ్ళు మూసుకొని వేసేదాన్ని.

ముప్పై దాటాక పుంగనూరులో పెద్దవాళ్ళకు చదువు చెప్పే బడిలో కూర్చుంటే, పంతులమ్మ నల్లబల్ల మీద 'అ' రాసింది. దానికి నీడ లేదు. పడుకున్నట్టు ఉంది, ప్రాణం లేనట్టు ఉంది. నేను పలక మీద దానికి నీడ వేసి చూపించాను. ఆమెకు కోపం వచ్చింది, చెరిపి మళ్ళీ రాయమంది. మళ్ళీ నీడతోనే రాశాను. ఇప్పటికీ నా సంతకానికి నీడ ఉంటుంది, బ్యాంకులో పిల్లలు నవ్వితే నవ్వనీ.

సరే, పటాల సంగతి. మామ అంగడిలో బోర్డులతో పాటు మనుషుల పటాలు కూడా వేసేవాళ్ళు. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే, ఏ పెళ్ళిలోనో తీసిన చిన్న ఫోటో తెచ్చి ఇస్తారు, దాన్ని చూసి పెద్ద కాగితం మీద నల్లపొడితో బొమ్మ వేసి, అద్దం బిగించి ఇవ్వాలి. ఆ పొడిని దూదితో అద్దుతాం, గుడ్డతో రుద్దుతాం. తెల్లరంగు అనేది ఆ పనిలో లేనే లేదు. వెలుతురు కావాలంటే కాగితాన్ని ముట్టకుండా వదిలేయాలి, పొరపాటున నలుపు పడితే రొట్టెముక్క ఉండ చేసి ఒత్తితే అది నలుపును పీల్చుకుంటుంది. నాకు ఆ పనిలో అన్నిటికంటే నచ్చింది అదే. నలుపు వేసుకుంటూ పోతే వెలుతురు దానంతట అదే వచ్చి కూర్చుంటుంది.

కానీ మామకు ఒక పద్ధతి ఉండేది. మొహమ్మీద నీడ పడకూడదు. ముక్కు కింద కొంచెం, గడ్డం కింద కొంచెం, అంతే. పోయినవాళ్ళు ఎంత నల్లటివాళ్ళైనా పటంలో పాలపిండి పూసుకున్నట్టు ఉండాలి. మగవాళ్ళకు కోటు, ఆడవాళ్ళకు జరీ అంచు చీర. ఆ కోటు ఒక్కటే, ఆ చీర ఒక్కటే, మామ అచ్చు కత్తిరించి పెట్టుకున్నాడు. ఈ మూడు ఊళ్ళ మధ్య ఎన్ని ఇళ్ళలో ఎంతమంది తాతలు మామ కోటు తొడుక్కొని వేలాడారో దేవుడికే తెలియాలి.

మా అన్నకు కుప్పంలో గవర్నమెంటు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మా వంశంలో నెల జీతం ఎరిగిన మొదటివాడు. ఇల్లు కట్టాడు, గదికి రెండేసి కిటికీలు పెట్టించాడు. వదిన వాళ్ళు మాకంటే కొంచెం కలిగినవాళ్ళు. వాళ్ళింట్లో వాళ్ళ తాతల పటాలు వరసగా ఉంటాయి. అందుకని తన నడింట్లో కూడా అమ్మ పటం ఒకటి ఉండాలని అన్నకు పట్టుదల. మదనపల్లె వచ్చి మామతో జరీ చీర వేయమన్నాడు, మెడలో కాసులపేరు వేయమన్నాడు, రంగు కొంచెం చూసి వేయమన్నాడు. అమ్మకు ఫోటో లేదు, ఒక్కటి కూడా లేదు. అందుకే ఆ పని నా మీద పడింది, మనిషిని చూసి గీయడం మామకు చేతకాదు.

పల్లెకు పోయి అమ్మను కూర్చోమంటే కూర్చునే మనిషా? "ఊరికే కూసోడానికి నేనేమన్నా దొరసానినా, నీ పని నువ్వు చేసుకో, నా పని నేను చేసుకుంటా," అని తిరగలి ముందు కూర్చొని రాగులు విసరడం మొదలుపెట్టింది. మా ఇంటికి కిటికీ లేదు. ఒకటే వాకిలి, అదీ పడమర. పొద్దు వాలేముందు ఆ వాకిట్లోంచి వెలుతురు నేల మీద పాక్కుంటూ వచ్చి, తిరగలిని దాటి, అమ్మ ఎడమ చెంప మీదికి ఎక్కేది. నుదురు, బుగ్గ ఎముక, ముక్కు ఒకవైపు, తిరగలి పిడి పట్టుకున్న చేతి నరాలు, ఇవి మాత్రం మెరిసేవి. మిగిలిన మొహం ఇంట్లోని చీకటితో కలిసిపోయేది. చీకటి యాడ ముగిసి అమ్మ యాడ మొదలైందో చెప్పలేం. అక్కడ కూర్చొని నేను పుట్టి పెరిగిన ఇంటిని మొదటిసారి చూశాను. అమ్మను ఎప్పుడు తలుచుకున్నా నాకు సగం మొహమే ఎందుకు గుర్తొస్తుందో అప్పుడు తెలిసింది. మాకు ఆమె అంతే కనబడింది మరి.

ఆ సగాన్నే గీశాను. జరీ లేదు, కాసులపేరు లేదు, భుజం మీద అతుకు పడిన చీరే. బెంగుళూరు నుంచి తెప్పించే నల్లపొడి ఆ లోతు నలుపు ఇవ్వలేదు, బూడిదగా తేలింది. నా బిడ్డకు కాటుక పట్టడానికి అమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి తట్ట బోర్లించేది. ఆ మసిని గీకించి తెచ్చుకొని దూదితో అద్దాను. అప్పుడు వచ్చింది మా ఇంటి చీకటి.

మామ చూసి తల పట్టుకున్నాడు. రొట్టె ఉండ చేతిలోకి తీసుకున్నాడు. నేను పటానికి అడ్డంగా చెయ్యి పెట్టాను.

"జరుగు పాపా, కొంచెం ఎత్తేస్తా, సగం మొహం మింగేసినావు. మొహమ్మీద నీడుంటే గిరాకీ ఎనక్కి పోతాది."

"తుడిస్తే మళ్ళీ నువ్వే గీసుకో మామా. మీ అక్కే గదా, ఎట్లుంటాదో నీకు తెలీదా?"

మామ మంచివాడు. గీయలేడు కాబట్టి మంచివాడో, మంచివాడు కాబట్టి ఊరుకున్నాడో గానీ, రొట్టె నోట్లో వేసుకొని వెళ్ళిపోయాడు.

గృహప్రవేశానికి ముందు రోజు సాయంత్రం పటాన్ని దుప్పట్లో చుట్టుకొని మామా నేనూ కుప్పం చేరాం. అన్న దుప్పటి విప్పి, పటాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాడు. "బతికుండే మనిషికి ఇంత నీడ యాల ఏసినావు?" అన్నాడు చివరికి. జరీ చీర ఏదని వదిన అడిగింది.  అన్న తగిలించొద్దు అనేవాడే, కానీ నడింట్లో మేకు కొట్టేసి ఉంది, ఆఫీసువాళ్ళకు, తన మామగారికి అమ్మ పటం వస్తోందని ముందే చెప్పుకున్నాడు. చుట్టాలు వెళ్ళాక మామ చేత నీడ తీయిస్తానని నాకు వినబడేలా చెప్పి తగిలించాడు.

మరుసటి రోజు ఏం జరిగిందో చెప్పేముందు ఒక మాట. మా నాయన పోయి అప్పటికి చాలా ఏళ్ళు. ముండమోసిన మనిషి శుభకార్యంలో ముందుకు రాకూడదు కాబట్టి, పాలు పొంగించేటప్పుడూ, హోమం దగ్గరా, అన్నాల దగ్గరా అమ్మ లేదు. నా బిడ్డతో ముందు రాత్రే పల్లె నుంచి వచ్చి పెరటి వైపే పడుకుంది, తెల్లవారుజామున పెరట్లోకి పోయి కూర్చుంది, ఊరికే కూర్చోలేక అంట్లు తోమింది. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ రమ్మనలేదు కూడా. కొడుకు కట్టిన ఇంట్లో తల్లి పటం నడింట్లో, తల్లి పెరట్లో.

అలాంటి ఇంటికి నాలుగింటి బస్సులో వదిన మేనత్త వచ్చింది. రామకుప్పం దగ్గర వాళ్ళ చేను, ముందు రాత్రి అడవిపందులు దిగి టమేటా తోట తొక్కేశాయి, అందుకే పొద్దున రాలేకపోయానని వాకిట్లోనే చెబుతూ లోపలికి వచ్చింది. ఆమె మా అమ్మను ఎన్నడూ చూసింది లేదు, అన్న పెళ్ళిలోనూ అమ్మ ఇలాగే వెనక ఉండిపోయింది. దేవుడి పటానికని కనకాంబరాల దండ తెచ్చింది. నడింట్లో ఎదురుగా ఈ పటం. ఆ రోజుల్లో అంత పెద్ద నల్లబొమ్మ గోడ మీద ఉందంటే ఆ మనిషి లేదనే అర్థం, బతికున్నవాళ్ళను అలా వేయించుకునేవాళ్ళే లేరు. ఆవిడ ఎవరినీ అడగలేదు. స్టూలు లాక్కొని ఎక్కి దండ వేసింది, ఊదుబత్తి తిప్పింది, "అయ్యో తల్లీ, కొడుకు ఇల్లు కూడా సూడకుండానే పోతివా!" అని మొదలుపెట్టింది.

వదిన నోరు తెరిచి మూయలేకపోయింది. వదిన వాళ్ళ నాయన, పెద్దమనిషి, విషయం తెలిసి కూడా మేనత్త ఏడుపుకు గౌరవంగా భుజం మీది తువ్వాలు తీసేశాడు. నాకు నవ్వు ఆగలేదు. అన్న మొహం చూసి ఆగింది.

"నేను రాత్రే చెప్తి! బతికుండే మనిషికి ఇంత నీడ వద్దని! ఇప్పుడు సూడు, మా అమ్మను సంపేసినారు!" అని అన్న గోడ మీంచి పటాన్ని ఊడబెరికాడు. పటం వెనక మేకులు పీకడానికి పటకారు తెమ్మన్నాడు, మామను రొట్టె తెమ్మన్నాడు, ఇప్పుడే ఇక్కడే తుడవాలన్నాడు. మామ నా వైపు చూశాడు. నేను పోయి పటం ఇంకో అంచు పట్టుకున్నాను. ఇద్దరం చెరోవైపు పట్టుకొని నిలబడ్డాం, మధ్యలో దండతో అమ్మ.

"నీకు ఈ నీడ యాల గిట్టదో నాకు తెల్సు. ఆ ఇల్లు కనబడతాదని. ఈ ఇంటికి ఎన్ని కిటికీలు పెట్టుకున్నా నువ్వు పుట్టింది ఆ ఇంట్లోనే గదన్నా," అన్నాను. చెల్లెలు అన్నను నలుగురి ముందు అనకూడని మాట అది. అన్నందుకు ఈ రోజుకీ నాకు చింత లేదు.

గోల విని అమ్మ పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. మోచేతుల దాకా బూడిద. "ఏందిరా ఈ ఏడుపులు, ఎవురు పోయినారు?"

 మేనత్త అమ్మను చూసింది, పటాన్ని చూసింది, మళ్ళీ అమ్మను చూసింది, స్టూలు మీద కూలబడింది.

"నేనా?" అంది అమ్మ. "పోయేదాన్నే గానీ, నాకు ఒక మాట సెప్పుండొచ్చు గదప్పా."

గడప అవతలే నిలబడి ఉంది. నేను "లోపలికి రామ్మా" అన్నాను. ఒక్క క్షణం అన్న వైపు చూసింది. అన్న తల వంచుకున్నాడు. ఆమె గడప దాటి వచ్చింది. అంతవరకూ ఆమె ఆ పటం చూడలేదు. దగ్గరికొచ్చి, మొహం కాదు, పటంలో వెలుతురు పడినచోట వేలు పెట్టింది.

"ఇది మన వాకిలి ఎలుతురు గదా. రాగులు ఇసిరేటప్పటిది."

"సగం మొహం నల్లగా ఏసిందిమా అది," అన్నాడు అన్న, చిన్నపిల్లాడు చాడీ చెప్పినట్టు.

"సగమేనా? నాకు రెండు పక్కలా నలుపే గదరా అబ్బోడా. నీకు పాలిచ్చినప్పుడు తెల్లగా ఉంటినా?"

వదిన వాళ్ళ నాయన కూడా నవ్వాడు. నవ్వు సద్దుమణిగేలోగా అమ్మ దండ ముట్టుకుంది. దీనికి పూలు ఎందుకు వేశారని మేనత్తను అడిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టు. పటానికి వేస్తారు గదమ్మా అని ఆవిడ గొణిగింది.

"నాకు పూలు కూడదనే గదా ఆడ కూసున్నా పొద్దున్నుంచీ. నాకు కూడనివి నా బొమ్మకు ఎట్ల కూడినాయి?"

  అమ్మ దండ తీసి, జానెడు తెంపి నా చేతికిచ్చి, నా ముందు వెనక్కి తిరిగి నిలబడింది. పెట్టమని అడగలేదు. ఆమె జుట్టు ఇంత ముడి. పూలు నిలవడం లేదు. ఆమె చచ్చిపోయిందని అంతసేపూ ఏడ్చిన ఆ మేనత్తే లేచి వచ్చి, తన జడలోని పిన్ను తీసి ఇచ్చింది.

పటం మళ్ళీ అదే మేకుకు ఎక్కింది. అన్నే ఎక్కించాడు. అమ్మ దాని కింద చాప మీద కూర్చొని ఆకూ వక్కా అడిగింది. పొద్దు వాలుతూ ఉంది, పడమటి కిటికీలోంచి వెలుతురు ఆమె కుడిచెంప మీద పడింది. పటంలో ఎడమచెంపకు, కింద కుడిచెంపకు. మామ లెక్క ప్రకారం ఒకటి తప్పు. 

తర్వాత సంగతులు త్వరగా చెప్పేస్తాను. పల్లెకు పోయాక అమ్మ పూలు పెట్టుకుందా అంటే, పెట్టుకుంది, పుంగనూరు సంతలో నలుగురూ చూసేటట్టే పెట్టుకుంది. అన్న కొన్నేళ్ళకు స్టూడియోలో రంగుల పటం ఒకటి తయారుచేయించుకున్నాడు, జరీ చీర, కాసులపేరు, తెల్లటి మొహం. ఆమె ఎవరో నాకు తెలియదు. అమ్మ పోయాక నా పటం నాకు ఇచ్చేశాడు. అంతకంటే నాకు ఎవరి ఆస్తీ అక్కర్లేదు.

ఇప్పుడు మా ఇంట్లో మూల మూలకూ తెల్లలైట్లు. మధ్యాహ్నం కూడా వెలుగుతాయి. మంచిదే, ఆ చీకటింట్లో మళ్ళీ ఉండమంటే నేను ఉండను, ఆ పొయ్యి పొగలో అమ్మ కళ్ళు ఎలా పోయాయో నాకు తెలుసు. కానీ ఇప్పుడు ఎవరి మొహం చూసినా నాలుగు వైపులా ఒకటే వెలుతురు, ఎండ ఎటు నుంచి వస్తోందో తెలియదు, గంట ఎంతయిందో తెలియదు, ఆ మనిషి ఏ వాకిట్లోంచి వచ్చిందో తెలియదు. మేము గంటలకొద్దీ మసి అద్ది తెచ్చిన నీడను ఒక వేలితో తీసేయవచ్చు, ఎవరికీ నొప్పి లేదు. నాకు ఉంది. మనవరాలు ఆ ఫోటో తీసేసి, ఆ రోజు అక్కడ ఎవరెవరు ఉన్నారు అవ్వా, అని అడిగింది. చెప్పాను, ఇక్కడా చెబుతాను.

ఇంటి యజమాని మా అన్న, అప్పటికే తల వంచుకొని. వదిన, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని. వదిన వాళ్ళ నాయన, తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకుంటూ. రామకుప్పం నుంచి వచ్చిన మేనత్త, జడ ఊడిపోయి. మా మామ, తెప్పించిన రొట్టె వృథా పోకూడదని తింటూ. నా కూతురు, తెంపగా మిగిలిన దండ మెడలో వేసుకొని. నేను. ఇంకా, పెరట్లో కాదు, నడింట్లో, కిటికీ వెలుతుర్లో, తల్లో పూలతో మా అమ్మ.